తువాలు కింద నాలుగు వేళ్ళు

నాన్న వేడి టీ గ్లాసు పట్టుకున్న తీరు చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

స్టీలు గ్లాసు. అమ్మ అప్పుడే దించి పోసిన టీ. ఓణీ చెంగు మడత పెట్టి పట్టుకుంటే తప్ప నేను దాన్ని వసారా దాకా తేలేకపోయాను. నాన్న కుడిచేత్తో అందుకున్నారు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ చురుక్కుమన్నట్టు వెంటనే గ్లాసు అంచుకి జరిగాయి. చివరి రెండు వేళ్ళు మాత్రం గ్లాసుకి అతుక్కునే ఉన్నాయి. ఆయన ఎదుటి మనిషితో మాట్లాడుతూనే ఉన్నారు.

ఆ వచ్చినాయన పక్క ఊరి హవల్దారు గారు. సైన్యంలో చేసి వచ్చి మిరప, పత్తి వేసుకుంటున్నారు. ఆయన గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, "అమ్మాయ్, ఇది టీయా, నిప్పులా? శత్రువుకి కూడా ఇంత వేడివి పొయ్యలేదమ్మా మేం" అన్నారు. నాన్న నవ్వారు. నేను గుమ్మం పక్కకి తప్పుకుని ఆ రెండు వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దునకి ఆ వేళ్ళ మీద బొబ్బలు లేచాయి. అమ్మ వెన్న రాస్తుంటే, "ఎప్పుడు కాలిందో ఏమో, చూసుకోలేదు" అన్నారు నాన్న.

నేను చూశాను. అయినా ఏమీ అనలేదు. డైరీలో రాసుకుని మూసేశాను. అప్పట్లో నాకు తెలిసిన ధైర్యం అంతే.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను.

నాన్న పాస్టరు. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం జిల్లా మొదలయ్యే చోట, నల్లరేగడి చేల మధ్య ఏడు ఊళ్ళ సంఘాలు ఆయన చూసుకుంటారు. అన్నీ కూలికి వెళ్ళే వాళ్ళ సంఘాలు. ఏడు ఊళ్ళకీ ఒకటే సైకిలు. ఎండాకాలం ఆయన సైకిలు మీద వెళ్తారు, వానాకాలం సైకిలు ఆయన మీద వెళ్తుంది అని అమ్మ అంటుంది. రేగడి తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బంకలా పట్టేస్తుంది. ఇంక సైకిలుని భుజాన వేసుకుని నడవాల్సిందే. అంతకు ముందు వానల్లో నాన్న వాగు అవతల చిక్కుకుపోతే రెండు రోజులు కబురు లేదు. అమ్మ రెండు రోజులూ పొయ్యి వెలిగించలేదు. మోటారు సైకిలు మాట మా ఇంట్లోకి అప్పుడు వచ్చింది.

హవల్దారు గారి బండి అమ్మకానికి ఉందని ఆ తర్వాత తెలిసింది. కొత్తది కాదు. సైన్యం వాళ్ళ వేలంలో కొని, ఉద్యోగం అయిపోయాక భార్యని వెనక కూర్చోబెట్టుకుని, ఉత్తరాది నుంచి మా వైపు దాకా పదకొండు రోజులు నడుపుకుంటూ వచ్చారట. దూర ప్రయాణాల కోసం రెండు వైపులా ఇనుప పెట్టెలు, వెనక సామాను కట్టుకునే కమ్మీలు, గోతాలంత మందపాటి సీటు. పచ్చ రంగు అక్కడక్కడా పెచ్చులూడి లోపలి ఇనుము కనిపించేది. స్టార్టు చేస్తే మా గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగులుకునేవి. 

ఆపాటికి ఆయనకి నడుం నొప్పి, కిక్కు కొట్టలేకపోతున్నారు. ఆయన భార్యకి ఇంట్లో పాడి కావాలి. మా దగ్గర రెండో ఈత గేదె ఉంది. అమ్మమ్మ ఇచ్చిన అరెకరంలో మిరప ఉంది. గేదెని ఇచ్చి, పైన కొన్ని టిక్కీలు ఇస్తే బండి మాది. టిక్కీ అంటే ఎండుమిరపకాయలు తొక్కి కుట్టిన బస్తా. ఎన్ని టిక్కీలన్నదొక్కటే తేలాలి.

సంఘంలో అందరికీ సంబరమే. "అయ్యగారు ఆ బండి మీద వస్తే మనం గంట కొట్టక్కర్లేదు, చప్పుడుకే జనం లేచి కూర్చుంటారు" అని మా సంఘపెద్ద నవ్వించాడు. అమ్మకి గేదె పోతుందన్న బాధ ఉంది. పాలు పితికేటప్పుడు దాని పొట్టకి తల ఆనించి ఎక్కువసేపు కూర్చునేది. అయినా, "వాడరేవుకి తీసుకెళ్తానన్నారు మీ నాన్న. పెళ్ళయినప్పట్నుంచి సముద్రం చూపిస్తానంటూనే ఉన్నారు, ఈ బండి వస్తే ఇంక సాకు ఉండదు" అంది నాతో. ఆ మాట అన్నప్పుడు అమ్మ నాకంటే చిన్నదానిలా కనిపించింది. నేను ఏం చెప్పను?

నాకు తెలిసింది ఇదీ. ఆరోగ్య శాఖ మనిషి ఒకాయన ఇల్లిల్లూ తిరిగి ఒంటి మీద మచ్చలు ఉన్నాయేమో చూసి, కరపత్రాలు పంచి వెళ్ళాడు. అచ్చయిన కాగితం ఏదైనా నేను పారెయ్యలేను. శనగల పొట్లం కూడా విప్పి చదువుతాను. ఆ కరపత్రం నా డైరీలో గుర్తు కాగితంగా ఉండేది. బొబ్బలు చూసిన రోజు దాన్ని మళ్ళీ చదివాను. వేడి తెలియకపోవడం గురించి ఉంది. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారడం గురించి ఉంది. మనిషిని కళ్ళు మూసుకోమని, ఈకతో మెల్లగా తాకి, ఎక్కడ తాకామో చెప్పమనాలట.

నాన్న ఆదివారం ప్రసంగాన్ని శనివారం మధ్యాహ్నం కళ్ళు మూసుకుని లోపల వల్లించుకుంటారు. ఆ శనివారం కూడా అలాగే కూర్చున్నారు, కుర్చీ చేతి మీద కుడిచెయ్యి వాలి ఉంది. నేను పెరట్లో కోడి ఈక ఒకటి ఏరుకుని, చప్పుడు చెయ్యకుండా నేల మీద కూర్చున్నాను. చిటికెన వేలి మీద రాశాను. కదలలేదు. దాని పక్క వేలు. కదలలేదు. ఈక మెత్తగా ఉందేమోనని తిప్పి, కాడ కొసతో గుచ్చాను. ఏమీ లేదు. మధ్య వేలికి ఈక అంచు తగిలీ తగలగానే చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళింది.

"ఏమ్మా?"

"చీమ, నాన్నా."

"చంపకు, దులిపెయ్" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

పెరట్లోకి వెళ్ళి గేదె చాటున నిలబడ్డాను. కరపత్రం పైన పెద్దక్షరాల్లో ఉన్న జబ్బు పేరుని ఆ రోజు డైరీలో కూడా రాయలేకపోయాను. కుష్ఠు.

మా ఏడు సంఘాల్లో ఒకదానిలో ఒకామెకి ఆ జబ్బు వచ్చింది. ఆమె ప్రభు బల్లకి అందరికంటే చివర వచ్చేది. రొట్టె ముక్క అందుకుని, గిన్నెలో ద్రాక్షరసం పెదవులకి తగిలీ తగలకుండా తాగేది. ఆమె తర్వాత నాన్న అదే గిన్నె ఎత్తి తాగేవారు. అది చూసి రెండు కుటుంబాల వాళ్ళు రావడం మానేశారు. తర్వాత ఆమే రావడం మానేసింది. ఇప్పుడు రొట్టె విరిచే చేతికే ఆ జబ్బని తెలిస్తే? చెబితే నాన్న బతుకు ఏమవుతుందో అని భయం. చెప్పకపోతే నాన్న ఆ బండి ఎక్కుతారు. రెండు భయాల మధ్య నాకు అన్నం సయించేది కాదు.

ఒకసారి నడిపి చూసుకోమని హవల్దారు గారు బండిని మా ఇంటి దగ్గర వదిలి వెళ్ళారు. నాన్నకి నడపడం వచ్చు. బైబిలు పాఠశాలలో చదివేటప్పుడు అక్కడి దొరగారి బండి మీద నేర్చుకున్నారు. "ఎక్కమ్మా, తూము దాకా వెళ్ళొద్దాం" అన్నారు. ఆ ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు. ఎక్కాను.

దారికి రెండు పక్కలా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలికి ఘాటు లేచి కళ్ళు మండుతున్నాయి. నేను దారి చూడలేదు. నాన్న భుజం మీదుగా ఆయన కుడిచెయ్యినే చూస్తున్నాను. బ్రేకు కమ్మీ మీద నాలుగు వేళ్ళు పడున్నాయి. రెండు మాత్రమే దాన్ని పట్టుకున్నాయి. మిగతా రెండూ ఎవరివో అన్నట్టు ఊరికే ఆనుకుని ఉన్నాయి.

తూము మలుపులో పత్తి బోరాలు వేసుకున్న ఎడ్లబండి ఎదురైంది. నాన్న చెయ్యి బిగించారు, బిగించారనే అనుకున్నారు. బండి ఆగలేదు. కాలి బ్రేకు తొక్కేసరికి వెనక చక్రం జారి, మేం దారి దిగి కళ్ళంలోకి దూసుకుపోయాం. ఎర్రటి కాయలు మా మీదకి లేచాయి. బండి ఒరిగి, పక్కనున్న ఇనుప పెట్టె నేలకి ఆని ఆగింది. మాకు దెబ్బలు తగల్లేదు. కళ్ళం దగ్గర కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మేం లేచి నిలబడ్డాక ఒకామె, "కాయలు తొక్కడానికి మనుషుల్ని పెట్టాం కదండీ అయ్యగారూ, తమరెందుకు శ్రమపడ్డారు!" అంది. అందరూ నవ్వారు, నాన్నతో సహా.

తిరిగి వచ్చేటప్పుడు, "చాలా ఏళ్ళయింది కదా, చెయ్యి మర్చిపోయింది. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. మీ అమ్మకి చెప్పకు తల్లీ" అన్నారు.

"చెయ్యి నొప్పిగా ఉందా నాన్నా?"

"నొప్పేం లేదు. సైకిలు తొక్కీ తొక్కీ కొంచెం తిమ్మిరి."

అంటే ఆయనకి కొంత తెలుసు. తెలిసి దానికి వేరే పేరు పెట్టుకున్నారు. ఆ మాట నన్ను బండి పడ్డప్పటి కంటే ఎక్కువ భయపెట్టింది.

అమ్మకి చెబుదామని మూడుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. మూడోసారి అమ్మ, "ఏంటే, పిల్లి లాగా తిరుగుతున్నావ్? ఏం కావాలి?" అని అడిగింది. "మంచినీళ్ళు" అన్నాను.

బేరం రోజు వచ్చింది. బేరంలో గేదె ఉంది కాబట్టి, గొడ్ల బేరాలు కుదిర్చే ముసలాయన్ని పిలిచారు. అందరూ ఆయన్ని బేరాల తాత అనేవారు. మా వైపు గొడ్ల సంతలో బేరం నోటితో చెయ్యరు. బేరం కుదిర్చేవాడు భుజం మీది తువాలుని ఒకరి చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అంత లెక్క. ఒప్పుకుంటే తల ఊపాలి, లేకపోతే చెయ్యి లాక్కోవాలి. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. ఈ బేరంలో వేలికో టిక్కీ.

నేను గుమ్మం పక్కన ఉన్నాను. తాత ముందు హవల్దారు గారి దగ్గర తువాలు కింద లెక్క తేల్చుకుని వచ్చాడు. తర్వాత నాన్న కుడిచేతి మీద తువాలు కప్పాడు. నాన్న తల కాస్త పక్కకి వంచి, వింటున్నట్టు ఉన్నారు. కళ్ళతో చూడకుండా తాకుడు గుర్తుపట్టాలి! నా ఈక గుర్తొచ్చింది.

నాన్న ముఖం విప్పారింది. వెంటనే తల ఊపారు.

"కుదిరింది!" అని తాత తువాలు లాగి దులిపాడు. "ఇంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను చూళ్ళేదయ్యా. ఒక్కసారైనా చెయ్యి లాక్కోవాలి కదండీ, నా తువాలుకి మర్యాదేముంది?"

నాన్న లోపలికి చూసి, "రెండు టిక్కీలు బయటికి తీయించు" అన్నారు అమ్మతో.

హవల్దారు గారు లేచారు. "రెండేంటి అయ్యగారూ?"

"నాలుగు కదండీ" అన్నాడు తాత. "నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకున్నా."

"లేదు పెద్దాయనా. రెండే పట్టుకున్నావు."

"గేదె ఈత తప్పు చెప్పానేమో గానీ, అయ్యగారూ, వేళ్ళు తప్పు పట్టలేదు నా జన్మలో."

"నేను అబద్ధం ఆడుతున్నానా?"

"ఆ మాట నేనన్లేదు" అన్నాడు తాత. కానీ తువాలుని ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు.

హవల్దారు గారి గొంతు పెరిగింది. "ఆదివారం ఒక లెక్క, సోమవారం ఒక లెక్కా అయ్యగారూ? ఇష్టం లేకపోతే చెయ్యి లాక్కోవాల్సింది. తల ఊపి మాట మార్చడమేంటి?"

నాన్న ముఖంలో రక్తం లేదు. అంత మాట ఆయన్ని ఎవరూ అనగా వినలేదు. ఆయన నిజమే చెబుతున్నారు. తాతా నిజమే చెబుతున్నాడు. ఇద్దరివీ నిజాలే అని ఆ వసారాలో నాకొక్కదానికే తెలుసు.

"సరే, నాలుగూ ఇస్తాను" అన్నారు నాన్న చివరికి. "నోటి మాట మీద బతికేవాణ్ణి. అది పోతే బండెక్కి ఎవరి దగ్గరికి వెళ్ళను?"

హవల్దారు గారు కాస్త మెత్తబడి, జేబులోంచి తాళంచెవి తీసి నాన్న ఎడమ చేతిలో పెట్టారు.

ఆ తాళంచెవి చూశాక నేను గుమ్మం దాటాను. అప్పటిదాకా నేను పరాయి మగవాళ్ళ ముందు టీ పెట్టడం తప్ప నోరు విప్పింది లేదు. "తాతా, ఒక్కసారి" అని ఆయన చేతిలోంచి తువాలు తీసుకున్నాను. నాన్న కుడిచేతి మీద కప్పి, కింద చెయ్యి పెట్టాను. చిటికెన వేలూ, దాని పక్క వేలూ పట్టుకున్నాను. బొబ్బలు మానిన చోట చర్మం గరుగ్గా తగిలింది.

"ఎన్ని, నాన్నా?"

"ఏంటమ్మా ఇది? ముందు పట్టుకో."

"పట్టుకున్నాను."

నాన్న నవ్వబోయారు. నేను గట్టిగా పిసికాను. గోళ్ళు దిగేలా పిసికాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు, ఇంకా ఎదురుచూస్తూ.

తువాలు తీసేశాను. నా పిడికిట్లో తన రెండు వేళ్ళు, వాటి మీద నా గోటి గుర్తులు ఆయన చూశారు.

"ఆ రోజు చీమ..." అన్నారు.

"చీమ కాదు, నాన్నా."

లోపల అమ్మ చేతిలోంచి ఏదో జారి పడింది. హవల్దారు గారు ముందుకొచ్చి, నాన్న ఎడమ అరచేతిలోంచి తాళంచెవి మెల్లగా తీసుకున్నారు. "మా దళంలో ఒకడికి ఇలాగే మొదలైంది" అన్నారు, గొంతు తగ్గించి. "వాడు దాచుకున్నాడు, వేళ్ళు వంకరపోయాయి. ఇప్పుడు మందులున్నాయి అయ్యగారూ. అన్న మాట మనసులో పెట్టుకోకండి."

నా భయమంతా తువాలు మీద ఉంది. అది ఇంకా నా చేతిలోనే ఉంది. తాతకి ఇవ్వాలి. తీసుకుంటాడా? వెనక్కి తగ్గి, నువ్వే ఉంచుకో అంటాడా? చెయ్యి చాపలేక చాపలేక చాపాను. తాత తువాలు తీసుకున్నాడు. ఒకసారి దులిపాడు. ముఖం తుడుచుకుని భుజం మీద వేసుకున్నాడు.

"తువాలు కింద తెలిసింది బైట చెప్పే అలవాటు మా పనిలో లేదమ్మా" అన్నాడు. "ఏడుపాపి, మీ గేదెకి కుడితి పెట్టు. పొద్దున్నుంచీ అరుస్తోంది."

అమ్మ బయటికి వచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది. "వెన్న రాశాను. రాసి కూడా నాకు తెలీలేదు" అని అదే మాట పదేపదే అంది.

మర్నాడు ఉదయం నాన్న అదే బండి ఎక్కారు. వెనక సీటు మీద. హవల్దారు గారు నడుం నొప్పితోనే కిక్కు కొట్టి, ఆ జబ్బు చూసే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బండి కదిలేటప్పుడు నాన్న ఏ చేత్తో కమ్మీ పట్టుకున్నారో చూశాను. కుడిచెయ్యే. పరిగెత్తి, "ఎడమ చెయ్యి నాన్నా!" అని అరిచాను. వీధంతా విన్నది. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

తొందరగానే వచ్చారని డాక్టరు అన్నాడట. మాత్రలు ఇచ్చాడు. మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకోదన్నాడు. మొద్దుబారిన వేళ్ళకి మళ్ళీ స్పర్శ వస్తుందా అంటే రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. బేరం అక్కడితో ఆగిపోయింది. బండిని తర్వాత ఎవరో పత్తి వ్యాపారి కొనుక్కున్నాడు. దూరం నుంచి ఆ చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. అమ్మ సముద్రాన్ని బస్సులో వెళ్ళి చూసింది. ఒడ్డున ఎండబెట్టిన చేపల వాసన తప్ప అంతా బాగుందంది.

సంఘానికి నాన్నే చెప్పారు, ప్రభు బల్ల రోజున, రొట్టె విరవకముందు. సంఘపెద్దని విరవమని అడిగారు. నేను తల ఎత్తలేదు. ఎవరు లేచి వెళ్ళిపోయారో చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. అడుగుల చప్పుడు మాత్రం విన్నాను. అవి ఎన్ని జతలో డైరీలో కూడా రాసుకోలేదు.

బేరాల తాత ఒకసారి మా ఇంటికొచ్చి వెళ్తూ తన పాత తువాలు ఒకటి మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. మర్చిపోయాడనుకున్నాం. అడిగితే, "అమ్మాయికి పనికొస్తుంది" అన్నాడట. రోజూ పొద్దున మాత్ర వేసుకున్నాక నాన్న కుడిచెయ్యి చాపుతారు. నేను తువాలు కప్పి వేళ్ళు పట్టుకుంటాను. ఇన్ని నెలలూ ఎన్ని పట్టుకున్నా రెండుకి మించి లెక్క రాలేదు.

పోయిన వారం నాలుగూ పట్టుకున్నాను.

నాన్న తల పక్కకి వంచి చాలాసేపు ఉన్నారు. "మూడు" అన్నారు.

సంతోషమో భయమో తేల్చుకోలేకపోయాను. నన్ను ఊరడించడానికి ఊహించి చెప్పారేమో! పట్టు మార్చి, చిటికెన వేలు వదిలేసి, దాని పక్క వేలు ఒక్కటే పట్టుకున్నాను, చాలా మెల్లగా, ఈక తగిలినంత మెల్లగా. ఎన్ని అని అడగలేదు. నాన్న కళ్ళు మూసుకున్నారు.

"చీమ" అన్నారు.